టవర్ కార్డు వచ్చిందని సెలవు పొడిగించకు

అమ్మలూ,

రాత్రి రెండు గంటల పది నిమిషాలకు నువ్వు పెట్టిన వాట్సాప్ పొద్దున కాఫీ కలుపుకుంటూ చూశాను. దుప్పటి మీద జోస్యానికి వాడే బొమ్మల పేక, అదే టారో, మూడు కార్డులు, కింద నీ మెసేజు. "పెద్దమ్మా, ఆఫీసు గురించి తీస్తే టవర్ వచ్చింది. భయంగా ఉంది. ప్రసూతి సెలవు అయ్యాక ఇంకో రెండు నెలలు జీతం లేని సెలవు అడగనా? ఆన్‌లైన్‌లో ఒకావిడ చూసి చెబుతుందట, మూడున్నర వేలు. బుక్ చెయ్యనా?" ఫోన్లో చెబుదామంటే మధ్యలో బుజ్జిగాడు లేస్తాడు, నువ్వు ఊఁ ఊఁ అంటూ సగమే వింటావు. అందుకని రాస్తున్నాను. వాడికి పాలిస్తూ ఒంటి చేత్తో చదువుకో.

ముందు నీ రెండు ప్రశ్నలకూ జవాబు. సెలవు పొడిగించమని అడగకు, కనీసం ఈ కార్డు చూసి మాత్రం అడగకు. ఆ మూడున్నర వేలూ కట్టకు. అలాగని కార్డులు తీసుకెళ్ళి అటక మీద పడెయ్యమనీ అనను. మీ అమ్మ నిన్న ఫోన్ చేసి "దానికి ఈ పిచ్చి అంటించింది నువ్వే" అని నాతో దెబ్బలాడింది. అంటించింది నేనే, కాదనను. అంటించినదాన్ని గనక ఎలా వాడాలో చెప్పే బాధ్యత కూడా నాదే.

నీ దగ్గరున్న ఆ పెట్టెలో 78 ముక్కలున్నాయి. 22 పెద్దవి, 56 చిన్నవి. చిన్నవి మన పేక లాంటివే. ఇస్పేటు, ఆటీను, డైమను, కళావరు ఉన్నట్టు ఇందులో కర్రలు (వాండ్స్), గిన్నెలు (కప్స్), కత్తులు (స్వోర్డ్స్), నాణేలు (పెంటకిల్స్). రాజు, రాణి ఉంటారు, జాకీ బదులు ఇద్దరుంటారు, అంతే తేడా. అసలు పుట్టింది కూడా పేకాటగానే, 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో. జోస్యం చాలా తరవాత వచ్చి చేరింది. 1781లో కూర్ ద జెబలాన్ అనే ఫ్రెంచి పండితుడు ఇవి పురాతన ఈజిప్టు వాళ్ళు దాచిపెట్టిన రహస్య గ్రంథం అని రాసేశాడు. అప్పటికి ఈజిప్టు రాతలు చదవగలిగినవాడే లేడు. షాంపోలియన్ ఆ లిపిని విప్పింది 1822లో. చదవడం రాని గ్రంథానికి అర్థం చెప్పినవాళ్ళ దగ్గర మొదలైన వ్యవహారం ఇదంతా. ఈ సంగతి నీ తలలో ఒక మూల ఉండనీ, భయం వేసినప్పుడు పనికొస్తుంది.

నువ్వు చూస్తున్న బొమ్మలు మాత్రం ఒక ఆడమనిషి గీసినవి. పేరు పమేలా కోల్మన్ స్మిత్. 1909లో లండన్‌లో వేయిటు అనే ఆయన ఎలా ఉండాలో చెబితే ఈవిడ కొద్ది నెలల్లోనే అన్నీ గీసిచ్చింది. చాలా పెద్ద పని, చాలా తక్కువ డబ్బు అని అప్పుడే ఒక స్నేహితుడికి ఉత్తరం రాసుకుంది. కార్డులకు మాత్రం అచ్చువేసిన కంపెనీ పేరు, రాయించినాయన పేరు పడ్డాయి. రైడర్ వేయిటు కార్డులనే లోకం పిలిచింది. 1951లో ఆవిడ చేతిలో పెద్దగా ఏమీ లేకుండానే పోయింది. ఏ కార్డయినా తీసి కింద మూల చూడు, మెలిపెట్టిన తీగలాగా ఒక చిన్న సంతకం ఉంటుంది. నేను భూతద్దం పెట్టి వెతికాను. పేరు వెయ్యరని తెలిసే కాబోలు, ప్రతి బొమ్మలోనూ తన గుర్తు దూర్చింది. ఆ సంతకం సంగతి మళ్ళీ చెబుతాను, నీ అప్రైజల్‌తో దానికి పని ఉంది.

నా దృష్టిలో ఇది కొంచెం ఖరీదైన చిలక జోస్యం. రామచిలకను పంజరంలో పెట్టడం వన్యప్రాణి చట్టం కింద నేరం కాబట్టి ఆ చిలకలవాళ్ళు ఇప్పుడు పెద్దగా కనిపించరు. నా చిన్నప్పుడు కోటిపల్లి తీర్థంలో చెట్టు కింద కూర్చునేవాళ్ళు. చిలక ముక్కుతో ఒక కార్డు లాగేది, ఆయన చదివేవాడు. ఆయన చదివింది ఎవరికీ గుర్తుండేది కాదు. అది వింటూ పక్కనున్న మనిషితో "చూశావా, నేను అనుకుంటూనే ఉన్నాను" అనేవాళ్ళు చూడు, అందులో ఉండేది అసలు సంగతి. ఆ మనిషి మనసులో ముందే ఏముందో ఆ మాటతో బయటపడేది. నేను కార్డులు తీసేది అందుకోసమే.

దీన్ని తప్పుగా వాడితే ఏమవుతుందో నా మీదే జరిగింది. ఇన్నాళ్ళూ మీ అమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

2003లో నాకు గర్భసంచి ఆపరేషన్ అయింది, నీకు గుర్తుండదు. ఆరు వారాలు హైదరాబాద్‌లో మీ ఇంట్లోనే ఉన్నాను. మళ్ళీ డ్యూటీలో చేరేముందు నాకు భలే గుబులుగా ఉండేది. మా బ్యాంకు బ్రాంచిలో లెడ్జర్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నారు, నేను లేనప్పుడే అదంతా జరుగుతోంది. మీ పక్క అపార్ట్‌మెంట్‌లో ఒకావిడ టారో చెప్పేది. మీ అమ్మే తీసుకెళ్ళింది. ఐదొందలు. నేను అడిగిన ప్రశ్న, "ఆఫీసులో నాకు ఇబ్బంది ఏమైనా ఉందా?" ఆవిడ క్వీన్ ఆఫ్ స్వోర్డ్స్ తీసింది. రాణి పక్కకు తిరిగి కూర్చుని ఉంటుంది, ఒక చేతిలో కత్తి నిటారుగా, రెండో చెయ్యి ముందుకు చాచి. "మీ ఆఫీసులో భర్త లేని ఆడమనిషి ఉందా? ఆవిడ వల్ల మీకు మాట వస్తుంది, జాగ్రత్త" అంది.

ఉంది. భర్త పోతే ఆ ఉద్యోగం ఈవిడకిచ్చారు. చిన్న వయసు, ఇద్దరు పిల్లలు. నేను లేని ఆరు వారాలూ నా కౌంటర్ చూసింది ఆవిడే. నేను చేరిన రోజు నుంచి ఆవిడతో టీ తాగడం మానేశాను. నా డ్రాయరుకి తాళం వేసుకోవడం మొదలుపెట్టాను. ఆవిడ ఏదైనా చెప్పడానికి వస్తే "తరవాత చూద్దాం" అనేదాన్ని. మూడు నెలలు. ఆ తరవాత సస్పెన్స్ ఖాతాలో, అంటే ఎక్కడిదో తేలేదాకా సొమ్ము పెట్టే ఖాతాలో, ఒక ఎంట్రీ ఎంతకీ తేలకపోతే, ఆవిడే ఒక పాత నోటుబుక్కు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. నేను సెలవు పెట్టిన మర్నాటి నుంచి తేదీలవారీగా ఏ ఎంట్రీ తేలింది, ఏది తేలలేదు, ఎవరికి ఉత్తరం రాయాలి, అన్నీ గుండ్రటి అక్షరాలతో రాసి పెట్టింది. మొదటి పేజీ పైన నా పేరు, పక్కన "గారికి" అని. "మీరు వచ్చిన రోజే ఇద్దామనుకున్నానండీ, మీరు పనిలో ఉన్నారు" అంది.

ఆ రోజు భోజనం డబ్బా తెరవలేకపోయాను. కార్డును తిట్టుకుని ఏం లాభం? ఒంటరి ఆడమనిషిని అనుమానించడానికి మన లోకానికి కార్డు కూడా అక్కర్లేదు, అది నాలో ముందే ఉంది. నేనడిగిన ప్రశ్న దానికి దారి చూపించింది. "నాకు ఇబ్బంది ఎవరు" అని అడిగితే ఎవరో ఒకరు తేలతారు. అదే "చేరిన రోజున నేను ముందు ఎవరి దగ్గర కూర్చుని పని అప్పగింత తీసుకోవాలి" అని అడిగి ఉంటే? అదే కార్డు, అదే రాణి. చెయ్యి చాచి పిలుస్తున్న మనిషి, సూటిగా మాట్లాడే మనిషి అని చదువుకునేదాన్ని. నేరుగా ఆవిడ దగ్గరికే వెళ్ళేదాన్ని.

కాబట్టి నువ్వు తీసిన కార్డుల కన్నా ముందు నీ ప్రశ్న మార్చు. "నా ఉద్యోగం ఉంటుందా", "కొత్త మేనేజర్ మంచివాడేనా", "బుజ్జిగాడు నన్ను మర్చిపోతాడా" లాంటివి అడగకు. వీటికి జవాబు ఏ బొమ్మలోనూ ఉండదు, ఉన్నట్టు చెప్పినవాళ్ళకి డబ్బు మాత్రం ముడుతుంది. నీ చేతిలో ఉన్నవి అడుగు. చేరేలోపల నేను ఎవరితో మాట్లాడాలి? ఏది దించుకోవచ్చు? నేను చూసీ చూడనట్టు వదిలేస్తున్నది ఏమిటి? ఈ మూడూ చాలు.

రాత్రి రెండింటికి తియ్యకు. ఆ వేళప్పుడు ఏ కార్డు వచ్చినా దెయ్యంలాగే కనిపిస్తుంది. పొద్దున వాడు పడుకున్నాక, స్నానం చేసి, ఏదైనా తిన్నాక తియ్యి. కార్డుతో పాటు వచ్చిన చిన్న పుస్తకం ముందు తెరవకు. బొమ్మలో ఏముందో పైకి చెప్పు, తెలుగులో, పక్కింటావిడకు చెబుతున్నట్టు. "ఒకాయన ఉన్నాడు, కర్రలు మోస్తున్నాడు, మొహం కనపట్లేదు" ఇలాగ. చెబుతూ ఉంటే ఎక్కడో ఒకచోట నీ గొంతు మారుతుంది. అక్కడ ఆగు. ఒక నోటుబుక్కులో పేజీకి మధ్య గీత గీసి, ఎడమపక్క ఆ మాట రాయి. కుడిపక్క దాని గురించి నువ్వు చెయ్యబోయే పని, తేదీ రాయి. కుడిపక్క రాయడానికి ఏమీ లేకపోతే ఆ కార్డు వల్ల ఉపయోగం లేనట్టే, పెట్టెలో పెట్టేసి పిల్లాడి బట్టలు మడతపెట్టుకో.

అదే ప్రశ్నకి మళ్ళీ మళ్ళీ తియ్యడం ఒక రోగం. మంచిది వచ్చేదాకా తీస్తూనే ఉంటాం. మా అమ్మ, మీ అమ్మమ్మ, పిల్లి ఎదురొస్తే ఇంట్లోకొచ్చి కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరేది. ఎన్నిసార్లు పిల్లి ఎదురొచ్చినా ఆవిడ ప్రయాణం మాత్రం ఎప్పుడూ మానలేదు. శకునానికి అంత మర్యాద చాలు.

ఇక నీ మూడు కార్డులు.

టవర్. కొండ మీద బురుజు, పిడుగు పడింది, మంటలు, ఇద్దరు తలకిందులుగా పడిపోతున్నారు. చూడగానే ఉద్యోగం ఊడిందనే అనిపిస్తుంది, నిజమే. కానీ పిడుగు కొట్టగానే ముందు లేచిపోయింది ఏమిటో చూడు. పైనున్న కిరీటం. ఇప్పుడు నువ్వే నాకు మొన్న చెప్పింది గుర్తు చేసుకో. నీ టీము రెండు ముక్కలైంది. నిన్ను తెచ్చుకున్న మేనేజర్ వేరే ప్రాజెక్టుకి వెళ్ళిపోయాడు. నీ కింద పనిచేసిన అబ్బాయి ఇప్పుడు లీడ్. అంటే పిడుగు పడి నాలుగు నెలలైంది, అది నీకు తెలుసు కూడా. కార్డు కొత్తగా చెప్పిందేమీ లేదు. నువ్వు కూలిపోయిన బురుజులోకి పాత కిరీటం పెట్టుకుని వెళ్దామనుకుంటున్నావు, నీకు వస్తున్న టెన్షన్ అదే.

కుడిపక్క ఏం రాసుకోవాలో చెబుతాను. ఈ వారమే కొత్త మేనేజర్‌కి ఒక మెయిల్, పావుగంట కాల్ కావాలని. ఆ కాల్‌లో మూడే అడుగు: మొదటి నెలలో నా నుంచి ఏం ఆశిస్తున్నారు, నా పాత పనిలో ఏది ఎవరి దగ్గరుంది, నేను సెలవులో ఉన్న కాలానికి అప్రైజల్ ఎలా రాస్తున్నారు. మూడోది అడగడానికి నువ్వు మొహమాటపడతావు, నాకు తెలుసు. అక్కడే ఆ బొమ్మలావిడ సంతకం గుర్తు చేసుకో. సెలవుకి ముందు నువ్వు చేసిన నాలుగు నెలల పని ఒక పేజీలో రాసి, తేదీలతో, ఆ కాల్‌కి ముందే పంపు. ఎవరైనా నీ పేరు వేస్తారులే అని కూర్చోకు. లీడ్ అయిన అబ్బాయికి నువ్వే ముందు ఫోన్ చేసి అభినందనలు చెప్పు. వాడూ నీకోసం ఇబ్బందిగానే ఎదురుచూస్తూ ఉంటాడు.

ఇంకో మాట, ఇది చట్టం సంగతి గనక గట్టిగా చెబుతున్నాను. ప్రసూతి సెలవులో ఉన్న మనిషిని ఆ కారణంగా తీసెయ్యడానికి గానీ, ఆ కాలంలో ఆమెకి నష్టం వచ్చేలా ఉద్యోగ షరతులు మార్చడానికి గానీ వీల్లేదు. నీకు దొరికిన ఈ 26 వారాలు 2017 నుంచి వచ్చినవి, అంతకుముందు 12 వారాలే. 50 మంది గానీ అంతకు పైగా గానీ పనిచేసే చోట పిల్లల్ని చూసుకునే క్రెష్ ఏర్పాటు ఉండాలి, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి చూసి రావచ్చు. బిడ్డకి 15 నెలలు నిండేదాకా మామూలు భోజన విరామం కాక, పాలకోసం ఇంకో రెండు విరామాలు నీ హక్కు. పని స్వభావం కుదిరితే, ఇద్దరూ ఒప్పుకుంటే, కొంతకాలం ఇంటి నుంచి చెయ్యడానికి కూడా చట్టంలో చోటుంది. ఇవన్నీ హెచ్‌ఆర్‌ని మెయిల్లో అడుగు, నోటిమాటగా వద్దు. మీ ఆఫీసులో పాలు తీసుకోవడానికి గది ఉందా, తలుపుకి లోపల గడియ ఉందా, ఫ్రిజ్ ఉందా అని కూడా అడుగు. గడియ సంగతి చిన్నదని వదిలెయ్యకు.

రెండోది, టెన్ ఆఫ్ వాండ్స్. పది కర్రలు వాటేసుకుని వంగిపోయి నడుస్తున్న మనిషి. దూరంగా ఇల్లు కనిపిస్తోంది మనకి, అతనికి కనిపించదు, మొహం కర్రల్లో కూరుకుపోయింది. నాకీ బొమ్మ చూసినప్పుడల్లా నవ్వొస్తుంది. మన ఊళ్ళో కట్టెల మోపు ఇలా ఎవరైనా మోస్తారా? చుట్టకుదురు పెట్టుకుని తల మీద ఎత్తుకుంటారు. చేతులు ఊపుకుంటూ, కబుర్లు చెప్పుకుంటూ నడిచేవాళ్ళు. కానీ ఆ మోపు ఎవరికి వాళ్ళు ఎత్తుకోలేరు. "కాస్త ఎత్తించు" అని దారినపోయే మనిషిని పిలవాల్సిందే. అలా పిలవడానికి ఎవరూ సిగ్గుపడేవాళ్ళు కాదు.

నీ పది కర్రలూ రాయి. నాకు తెలిసినవి నేను చెబుతాను: ఆఫీసు, పాలు తీసి పెట్టడం, రాత్రి రెండింటి పాలు, టీకాల తేదీలు, వంటమనిషి రాని రోజు వంట, మీ అత్తగారి బీపీ మాత్రలు, అపార్ట్‌మెంట్ గ్రూపులో నీళ్ళ ట్యాంకర్ లెక్కలు (అది నువ్వెందుకు చూస్తున్నావో నాకు అర్థం కాదు), ఈఎంఐలు, అన్నప్రాశన ఏర్పాట్లు, రోజూ సాయంత్రం మీ అమ్మకు గంట ఫోను. ఇప్పుడు ఒక్కొక్కటీ ఎవరిది అని పక్కన రాయి. అల్లుడు మంచివాడే, అడిగితే చేస్తాడని నువ్వే అంటావు. అంటే అతను ఎత్తిస్తున్నాడు, మోస్తున్నది నువ్వు. రెండు కర్రలు పూర్తిగా అతని తల మీదికి పోవాలి. రాత్రి పాల సీసా ఒకటి, టీకాలు రెండోది. టీకా తేదీ గుర్తుపెట్టుకోవడం, డాక్టర్ దగ్గర టోకెన్ తీసుకోవడం, ఆ రాత్రి జ్వరమొస్తే లేవడం, అన్నీ కలిపి ఒక కర్ర. తేదీ నువ్వు గుర్తుచేస్తే కర్ర మళ్ళీ నీ తల మీదికొచ్చినట్టే. ట్యాంకర్ లెక్కలు ఈ రోజే గ్రూపులో రాజీనామా పెట్టు. అన్నప్రాశన వాడికి ఆరో నెలలోనే కదా, నువ్వు చేరేలోపలే పెట్టించు. పాయసం ముద్దతో మొదలై మెత్తటి అన్నం, పప్పుకట్టు అలవాటైతే పగలు పాల మీద భారం కొంచెం తగ్గుతుంది. మీ అమ్మ ఫోను సంగతి నేను చూసుకుంటాను.

మూడో కార్డు గురించి నీ మెసేజులో ఒక్క మాట కూడా లేదు.

సిక్స్ ఆఫ్ స్వోర్డ్స్. పడవ, వెనక గెడ వేస్తున్న మనిషి, ముందు ముసుగు కప్పుకుని ఒక ఆడమనిషి, పక్కన చిన్న బిడ్డ. పడవలో ఆరు కత్తులు గుచ్చి ఉన్నాయి. ఆవిడ వీపే మనకి కనపడుతుంది, ఏడుస్తోందో లేదో తెలియదు. ఇటుపక్క నీళ్ళు అలలుగా ఉన్నాయి, అటుపక్క నిలకడగా ఉన్నాయి.

నువ్వు టవర్ చూసి భయపడ్డానన్నావు. నేను నమ్మను. టీము విడిపోయిన సంగతి నువ్వు నవ్వుతూనే చెప్పావు నాకు. రాత్రి రెండింటికి నిద్ర రానివ్వంది ఇదీ. బొమ్మలో బిడ్డ తల్లితోపాటే పడవలో ఉంది. నీ పిల్లాడు పడవలో ఉండడు. రేవులో మీ అత్తగారి చంకలో ఉంటాడు.

మీ అన్నయ్య మూడు నెలల పిల్లాడప్పుడు నేను కోటిపల్లి రేవు దాటి ముక్తేశ్వరం వెళ్ళి, అక్కడి నుంచి బస్సెక్కి బ్రాంచికి వెళ్ళేదాన్ని. చేరిన మొదటిరోజు గోదావరి మధ్యలో ఉండగా పాలు వచ్చేశాయి. జాకెట్టు, పైట అంతా తడిసిపోయింది. పడవ నిండా జనం, ఎటు తిరగాలో తెలియలేదు. పక్కన పెరుగు కుండతో కూర్చున్న ముసలావిడ ఏమీ అడగలేదు, కుండ మీద కప్పిన తువ్వాలు తీసి నా భుజం మీద కప్పేసింది. పుల్లటి పెరుగు వాసన. అవతలి రేవులో దిగేటప్పుడు తిరిగి ఇవ్వబోతే, "సాయంత్రం వస్తావుగా, అప్పుడియ్యి" అంది. సాయంత్రం వస్తాను అనే సంగతి నాకు ఆ మాటతోనే తట్టింది. పొద్దుటి నుంచీ పిల్లాణ్ణి వదిలేసి శాశ్వతంగా ఎక్కడికో పోతున్నట్టే ఏడ్చాను.

నీకూ ఆ సాయంత్రం అలవాటు కావాలి, ముందుగానే. ఈ పదిహేను రోజుల్లో మూడుసార్లు ఉత్తుత్తి ఆఫీసుకి వెళ్ళు. మొదటిసారి రెండు గంటలు, తరవాత నాలుగు, మూడోసారి పొద్దున ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం దాకా. ఆఫీసు బట్టలు వేసుకో (పాత కుర్తీలు పడతాయో లేదో ఆ రోజే తెలుస్తుంది), బ్యాగు పట్టుకో, క్యాబ్ ఎక్కు, ఎక్కడైనా కూర్చో, మీ అత్తగారికి ఫోన్ చెయ్యకు. ఆవిడే అవసరమైతే చేస్తుంది. వాడు సీసాతో తాగుతాడా, గిన్నె చెమ్చాతో తాగుతాడా అనేది నువ్వు ఇంట్లో లేనప్పుడే తేలుతుంది, నువ్వుంటే వాడు చచ్చినా తాగడు. తీసిన పాలు 25 డిగ్రీల లోపు ఉన్న గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉంటాయి. హైదరాబాద్ ఎండల్లో గదిని నమ్ముకోవద్దు, ఐసు బ్యాగు కొనుక్కో. లాప్‌టాప్ పాస్‌వర్డు, గేటు కార్డు పనిచేస్తున్నాయో లేదో కూడా ఆ రోజుల్లోనే కనుక్కో, ఆరు నెలలకి అవి కచ్చితంగా పడుకుని ఉంటాయి.

సోమవారం చేరకు. రెండు రోజులు ఎర్న్‌డ్ లీవు కలుపుకుని బుధవారం చేరు. మూడు రోజుల్లో శనివారం వచ్చేస్తుంది, మొదటి వారం ఆ మాత్రమే ఉండాలి.

చేరేముందు రోజు కావాలంటే ఒకే ఒక్క కార్డు తీసుకో. చూసి బ్యాగులో పెట్టుకో. నేను రిటైరయ్యే వరకూ నా డ్రాయర్లో ఎయిట్ ఆఫ్ పెంటకిల్స్ ఉండేది. ఒక కుర్రాడు బల్ల మీద కూర్చుని సుత్తి, ఉలి పట్టుకుని నాణెం చెక్కుతూ ఉంటాడు. చుట్టూ ఎవరున్నారో చూడడు. కార్డులో నాకు బాగా నచ్చేది అతని ఏప్రాను.

నా మాట కాదని ఆ ఆన్‌లైన్ ఆవిడ దగ్గరికి వెళ్తే, ఒకటి గుర్తుపెట్టుకో. కార్డు చూశాక పూజ, రాయి, పరిహారం అంటూ ఇంకో రేటు చెబితే వెంటనే లేచి వచ్చెయ్యి. బిడ్డ ఆరోగ్యం గురించి, మొగుడి గురించి చెప్పబోతే విననని చెప్పు. ఫలానా రంగు, ఫలానా అక్షరం మనిషితో జాగ్రత్త అంటే నా నోటుబుక్కు కథ తలుచుకో.

ఇంకొకటి సూటిగా అడుగుతాను. వాడు పడుకున్నప్పుడైనా నీకు నిద్ర పడుతోందా? రాత్రి రెండింటికి కార్డులు పరుచుకోవడం ఒక రోజు సంగతైతే పరవాలేదు. రోజూ ఇలాగే ఉన్నా, ఊరికే ఏడుపొస్తున్నా, వాడి మీద గానీ నీ మీద గానీ ఏ పిచ్చి ఆలోచన వచ్చినా, అది కార్డులతో తేలే విషయం కాదు. మీ గైనకాలజిస్టుకి చెప్పు. బాలింతలకి అలా రావడం మామూలే, మందుంది. ఎవరికీ చెప్పలేకపోతే 14416కి ఫోన్ చెయ్యి, టెలిమానస్ అని ప్రభుత్వానిదే, డబ్బు అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. నాకు చేసినా సరే, రెండింటికైనా. మూడింటికి నేనెలాగూ లేచే ఉంటాను.

శుక్రవారం రాత్రి గౌతమి ఎక్కుతున్నాను. శనివారం పొద్దున లింగంపల్లిలో దిగుతాను, అల్లుణ్ణి స్టేషనుకి రమ్మను. భూతద్దం తెస్తున్నాను. నువ్వు మూడోసారి ఉత్తుత్తి ఆఫీసుకి వెళ్ళేది నేనున్నప్పుడు పెట్టుకో, మీ అత్తగారికి తోడుంటాను.

అన్నట్టు, ఆ ఫోటోని పెద్దది చేసి చూడు. పడవ కార్డు పక్కన దుప్పటి మడతలో పసుపుపచ్చగా కనిపిస్తోందే, అది బుజ్జిగాడి రెండో సాక్సు. మొన్నటి నుంచి ఇల్లంతా వెతుకుతున్నారట, మీ అమ్మ చెప్పింది.

మీ పెద్దమ్మ